డ్రాయింగ్ ఉందా మేడం?

మా ఇంటి ముందు గుమ్మానికి ఐదు మెట్లున్నాయి. అత్తయ్యగారి చక్రాల కుర్చీ ఆ మెట్లు దిగదు కాబట్టి, ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా, సాయంత్రం వీధి చివరి గుడికి వెళ్ళాలన్నా కారు షెడ్డులోంచే బయటికి రావాలి. బెంగళూరు కస్తూరి నగర్‌లో 2007లో ఈ ఇల్లు కట్టించినప్పుడు షెడ్డుకు మామూలు రోలింగ్ షట్టరు కాకుండా, అడ్డ పలకలుగా విడివడి పట్టాల మీద సీలింగు కిందికి జరిగిపోయే తలుపును, దాన్ని లాగే మోటారును పెట్టించాము. 2024 జూలైలో ఒక ఉదయం రిమోట్ నొక్కితే పైన మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపించింది గానీ తలుపు మాత్రం కదలలేదు. ఆ రోజు అత్తయ్యగారిని పక్కింటి అబ్బాయిలు ఇద్దరు కుర్చీతో సహా ఎత్తి మెట్లు దింపారు. ఆవిడ ఏమీ అనలేదు, కానీ ఆ తరువాత పది రోజులు గుడికి వెళ్తానని కూడా అనలేదు.

తలుపు అమర్చిన డీలరు దుకాణం మూసేసి చాలా ఏళ్ళయింది. అదే విదేశీ కంపెనీ సరుకు అమ్ముతున్న ఇంకొక డీలరుకు ఫోన్ చేసి మోడల్ నంబరు చెప్పగానే, "అది ఎప్పుడో ఆపేశారు మేడం, పార్ట్స్ రావు, మొత్తం మార్చేయండి" అన్నారు. కొత్త మోటారుకు, దాని పట్టాకు, అమర్చడానికి కలిపి 62,000 రూపాయలు చెప్పారు. ఆ మాటలో మోసమేమీ లేదని ఇప్పటికీ నమ్ముతున్నాను, ఆయన దగ్గర నిజంగానే విడిభాగాలు లేవు. అయినా ఆ మాట నన్ను వదలలేదు. ఆ తరువాత పది నెలలకు పైగా ఈ మోటారుతో పడిన అవస్థలో నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది: ఒక కంపెనీ ఏదైనా మోడల్‌ను ఆపేసే రోజున, దాని విడిభాగాల డ్రాయింగులను, సర్క్యూట్ పటాన్ని ఎవరైనా చూసుకోగలిగేలా బయట పెట్టి తీరాలి. విడిభాగాలను ఏళ్ళ తరబడి నిల్వ ఉంచమనడం కాదు నేను కోరేది. డ్రాయింగు ఇవ్వమంటున్నాను. ఆ రెండింటికీ ఉన్న తేడా నాకు కూడా మొదట తెలియదు.

తెల్లని పొడి

మోటారు పైమూత విప్పితే లోపల గ్రీజులో కలిసిపోయిన తెల్లని పొడి కనిపించింది. మోటారు ఇరుసు మీద మరచుట్లలాంటి ఉక్కు వార్మ్ ఉంటుంది, దానికి ఆనుకుని తిరిగే నైలాన్ చక్రం గొలుసును లాగుతుంది. ఆ చక్రం పళ్ళు సరిగ్గా మధ్యలో, వార్మ్ తాకే చోట, గాడి తవ్వినట్టు అరిగిపోయాయి.

నేను వెంటనే ఇంత పెద్ద యంత్రంలో ప్లాస్టిక్ చక్రం పెట్టినందుకు కంపెనీని తిట్టుకున్నాను. అయితే కుప్పం వైపు నుంచి వచ్చి ఇక్కడ గేట్ల పని చేసుకుంటున్న మా మెకానిక్ చక్రాన్ని పట్టించుకోలేదు. మోటారు నుంచి తలుపును విడదీసే ఎర్ర తాడును లాగి, తలుపును చేతులతో నడుము ఎత్తు దాకా లేపి, పట్టు కాస్త సడలించి చూశాడు. సరిగ్గా ఉన్న తలుపు అక్కడే నిలవాలి, మాది కిందికి జారింది. "అక్కా, గేరుది తప్పు కాదు. స్ప్రింగు దిగిపోయింది" అన్నాడు.

తలుపు బరువును నిజంగా మోసేది మోటారు కాదు, తలుపు పైన ఇరుసుకు చుట్టి ఉండే టార్షన్ స్ప్రింగు. దాదాపు డెబ్బై కిలోల తలుపును ఒక మనిషి చేత్తో లేపగలిగేలా చేసేది అదే, మోటారు కొద్దిపాటి బలం జోడిస్తుందంతే. ఇలాంటి స్ప్రింగులను సాధారణంగా 10,000 సార్లు తెరిచి మూయడానికి లెక్కగట్టి చేస్తారు. రోజుకు రెండుసార్ల చొప్పున పదిహేడేళ్ళకు మా తలుపు లెక్క 12,000 దాటింది. స్ప్రింగు బలం తగ్గిన కొద్దీ ఆ బరువు మోటారు మీద, మోటారు నుంచి నైలాన్ చక్రం మీద పడుతూ వచ్చింది. అంటే ఏటా ఒకసారి ఎర్ర తాడు లాగి చూడవలసిన మేము చూడలేదు. ఈ నిర్లక్ష్యం మాదేనని ఒప్పుకోకుండా కంపెనీ మీద వాదన మొదలుపెట్టడం న్యాయం కాదు.

చిత్రమేమిటంటే స్ప్రింగు దొరకడం ఏమాత్రం కష్టం కాలేదు. తీగ మందం, చుట్టు లోపలి వ్యాసం, పొడవు, చుట్టు దిశ చెబితే స్ప్రింగులు చుట్టేవాళ్ళు నాలుగు రోజుల్లో చేసి ఇచ్చారు. గొలుసు చక్రం దగ్గరి బేరింగు కూడా గరగరలాడుతోందని దాన్నీ మార్చాము. దాని మీద 6202 అని ఉంది. ఆ నంబరు చెబితే ఏ ఊళ్ళోనైనా, ఏ కంపెనీదైనా లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 35, మందం 11 ఉన్న బేరింగే చేతికిస్తారు. ఆ కొలతలు ఎవరి సొంత రహస్యమూ కాదు. ఎన్నో దేశాల కంపెనీలు ఒకే కొలతకు తయారు చేస్తున్నాయి, అయినా వాటిలో ఎవరి వ్యాపారమూ దెబ్బతినలేదు. మిగిలింది నా అరచేతిలో పట్టేంత తెల్ల చక్రం ఒక్కటే.

ఎస్పీ రోడ్డు నుంచి పీణ్యా దాకా

సదర్ పత్రప్ప రోడ్డును బెంగళూరులో ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. ఎస్పీ రోడ్డులో దొరకనిది లేదని ఇక్కడి ఇంజనీరింగు విద్యార్థులందరూ నమ్ముతారు. అక్కడ మూడు తరాల నుంచి దుకాణం నడుపుతున్న ఒక తెలుగు శెట్టిగారు, "శాంపిల్ తెచ్చావా అమ్మా?" అని అడిగి, నా చక్రాన్ని చూసి, ప్రింటర్లవీ వాషింగ్ మెషీన్లవీ గేర్లున్న సొరుగులు ఓపికగా ఒక్కొక్కటే లాగి చూపించారు. ఏదీ సరిపోలేదు. నేను మూడోసారి వెళ్ళినప్పుడు ఆయనే, "ఇది కొనేది కాదమ్మా, కోయించేది. పీణ్యాకు పో" అన్నారు.

పీణ్యా పారిశ్రామిక వాడలో గేర్లు కోసే ఒక చిన్న వర్క్‌షాపులో యజమాని చక్రాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి అడిగిన మొదటి మాట: "డ్రాయింగ్ ఉందా మేడం?" లేదన్నాను. ఆయన నిట్టూర్చి, అరిగిన ముక్కనుంచి కొలతలు తీయడమంటే అంచనా వేయడమేనని, అంచనా తప్పితే ఆ ఖర్చు నాదేనని ముందే చెప్పారు. ఆ తరువాత ఆయన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన లెక్క, ఇరవై రెండేళ్ళుగా ఖాతా పుస్తకాలు తప్ప మరొకటి చూడని నాకు గొప్ప ఆనందాన్నిచ్చింది. పళ్ళు మధ్యలో అరిగినా అంచుల్లో మిగిలే ఉన్నాయి కాబట్టి లెక్కపెట్టవచ్చు, అవి 36. అంచు దగ్గర బయటి వ్యాసం వెర్నియర్‌లో 47.5 మిల్లీమీటర్లు వచ్చింది. పళ్ళ సంఖ్యకు రెండు కలిపి, దానితో వ్యాసాన్ని భాగిస్తే గేరు మాడ్యూల్, అంటే పంటి పరిమాణాన్ని చెప్పే కొలత, తెలుస్తుంది: 47.5ను 38తో భాగిస్తే 1.25. అది సరైనదో కాదో వార్మ్ మీద సరిచూసుకోవచ్చు. మాడ్యూల్‌ను 3.14తో హెచ్చిస్తే వార్మ్ మీద ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం వస్తుంది, కాబట్టి ఐదు చుట్ల దూరం 19.6 మిల్లీమీటర్లు ఉండాలి. అంతే ఉంది.

పళ్ళ వాలు కోణం, ఇరుసు రంధ్రం, చక్రం అడుగున ఉన్న గాడి కొలతలు తేలడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. అసలు డ్రాయింగు ఒక్క కాగితం ఉంటే ఇదంతా ఇరవై నిమిషాల పని అని ఆయనే అన్నారు.

మధ్యలో ఒక తప్పు చేయబోయాను. "గన్ మెటల్‌లో కోసి ఇస్తాను, మీ జన్మలో అరగదు" అని, రాగి, తగరం కలిసిన ఆ గట్టి లోహం గురించి ఆయన అన్నప్పుడు సంతోషంగా ఒప్పుకున్నాను. మరునాడు మెకానిక్ వద్దన్నాడు. ఆ చక్రం మెత్తగా ఉండడం చప్పుడు తగ్గడానికి మాత్రమే కాదు. తలుపు ఎక్కడైనా ఇరుక్కున్నప్పుడు ముందుగా ఆ చక్రం పాడై మోటారును, గొలుసును కాపాడాలి, ఫ్యూజు చేసే పని ఇక్కడ అది చేస్తుంది. చక్రం ఉక్కులా గట్టిదైతే ఆ దెబ్బ ఇంకెక్కడో తగులుతుంది. చివరికి డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌లో కోయించాము. ఒకటి చేసినా నాలుగు చేసినా యంత్రం సెట్టింగు ఖర్చు అదే కాబట్టి నాలుగు చేయించుకున్నాను, మొత్తం 3,800 రూపాయలైంది. తలుపు లేచిన రోజు సాయంత్రం అత్తయ్యగారు గుడికి వెళ్ళారు.

డ్రాయింగు లేకపోవడం వల్ల నేను ఎంత దగ్గరగా తప్పు దారి పట్టానో ఆ గన్ మెటల్ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అనిపిస్తుంది. ఏ ముక్క ఏ పదార్థంతో ఉండాలో మంచి డ్రాయింగు మీద రాసి ఉంటుంది.

ఖాళీ చిప్పు

కథ అక్కడితో ముగిసి ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. 2025 మే నెలలో ఒక సాయంత్రం పిడుగులతో వాన పడింది, ఆ తరువాత మోటారు మీది దీపం వెలగలేదు. బోర్డును విప్పి మళ్ళీ ఎస్పీ రోడ్డుకు తీసుకువెళ్ళాను. అక్కడ బోర్డులు బాగుచేసే పెద్దాయన ఫ్యూజు, కరెంటు ఎగసినప్పుడు అడ్డుకునే వేరిస్టరు, 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటరు మార్చారు. 7805 కూడా 6202 లాంటిదే, దశాబ్దాలుగా ఎన్నో కంపెనీలు అదే నంబరుతో, అవే మూడు కాళ్ళతో చేస్తున్నాయి. రిలేలు కూడా అక్కడే దొరికాయి. కానీ మోటారును నడిపించే చిన్న కంప్యూటరు చిప్పు, మైక్రోకంట్రోలరు, చనిపోయింది.

ఆ చిప్పు కూడా దొరుకుతుంది, రెండు మూడు వందలు. అయితే దొరికేది ఖాళీ చిప్పు. తలుపు ఎంత దూరం వెళ్ళి ఆగాలి, ఏ బలం దాటితే వెనక్కి తిరగాలి అన్న బుద్ధంతా అందులో ఎక్కించిన ప్రోగ్రాములో ఉంటుంది, దాన్ని ఎవరూ చదవకుండా కంపెనీ చిప్పుకు తాళం వేసి ఉంచింది. "పలక ఇస్తానమ్మా, రాత ఎక్కడినుంచి తేను?" అన్నారాయన.

గేరు విషయంలో నాకు ఓపిక, డబ్బు, పీణ్యా ఉంటే సరిపోయింది. వస్తువు చేతిలో ఉంటే కొలిచి మళ్ళీ చేయవచ్చు. ప్రోగ్రాము విషయంలో ఎంత నేర్పరి అయినా చేయగలిగింది లేదు. కంపెనీకి మెయిలు రాశాను. ఆ మోడల్‌కు సేవలు ముగిశాయని, సాంకేతిక పత్రాలు బయటివారికి ఇవ్వలేమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. తాను అమ్మనని ప్రకటించిన వస్తువు గురించి తప్ప మరి దేని గురించీ నేను అడగలేదు.

పదేళ్ళ గడువు చాలదు

ఈ విషయంలో చట్టాలు ఏమీ లేవనడం సరికాదు. మన దేశంలో భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో పద్నాలుగు కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను, మరమ్మతు పరికరాలను బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్నది అక్కడి ప్రధాన అభియోగం. 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా తెరిచారు. అందులో ఎంచుకున్న రంగాలు వ్యవసాయ యంత్రాలు, మొబైళ్ళు, గృహోపకరణాలు, వాహనాలు. తలుపు మోటారు ఇందులో దేని కిందికి వస్తుందో తేల్చుకోవడం కష్టం. ఐరోపా సమాఖ్య 2021 మార్చి నుంచి ఇంకో అడుగు ముందుకు వేసి, ఆఖరి యంత్రం మార్కెట్‌కు వచ్చాక కూడా రిఫ్రిజిరేటర్లకు ఏడేళ్ళు, వాషింగ్ మెషీన్లకు పదేళ్ళు ముఖ్యమైన విడిభాగాలు అందించాలని నియమం పెట్టింది.

ఇవన్నీ మంచివే. కానీ తలుపు మోటారు వాషింగ్ మెషీన్ లాంటిది కాదు. అది ఇంటి గోడతో, సీలింగుతో ముడిపడి ఉంటుంది, ఇల్లున్నంత కాలం ఉండాలి. మా మోడల్ 2011లో ఆగిపోయిందని డీలరు చెప్పారు. ఐరోపా నియమమే ఇక్కడ ఉన్నా, నా గేరు అరిగేనాటికి ఆ పదేళ్ళూ గడిచిపోయి ఉండేవి. గడువును ఇరవై ఏళ్ళకు పెంచమంటే గోదాముల ఖర్చు, అమ్ముడుపోని సరుకు అని కంపెనీలు అంటాయి, అందులో న్యాయముంది. డ్రాయింగుకు గోదాము అక్కరలేదు.

ఇక్కడ మా నాన్నగారి హెచ్ఎంటీ గడియారం గుర్తొస్తుంది. ఆ గడియారాల కంపెనీని మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది, అయినా గడియారం నడుస్తూనే ఉంది. ఎందుకంటే అలాంటివి దేశంలో లెక్కలేనన్ని ఉన్నాయి, ఒకటి ఆగితే దాని ముక్కలు ఇంకొకదానికి పనికొస్తాయి. మా మోటారు లాంటివి ఈ ఊళ్ళో పదులలో ఉంటాయేమో. నలుగురి దగ్గరా ఉన్న వస్తువును ఎవరో ఒకరు బతికించుకుంటారు. అరుదైన వస్తువుకు కాగితమే దిక్కు.

భద్రత మాటేమిటి

నా అభిప్రాయానికి ఎదురయ్యే బలమైన ప్రశ్న ఇదే, దీన్ని తేలిగ్గా దాటేయలేను. ఈ తలుపుల కింద పడి అమెరికాలో పిల్లలు చనిపోయారు. అందుకే అక్కడ 1993 నుంచి తయారయ్యే ఇళ్ళ మోటార్లన్నిటికీ, తలుపు దేనికైనా తగిలితే వెనక్కి తిరిగే ఏర్పాటుతో పాటు, అడ్డొచ్చినది కనిపెట్టే కిరణపు కన్నులాంటి రెండో రక్షణ కూడా ఉండాలని నియమం వచ్చింది. 38 మిల్లీమీటర్ల మందమున్న చెక్కను గచ్చు మీద పెడితే తలుపు దాన్ని తాకి రెండు సెకన్లలో వెనక్కి తిరగాలి. డ్రాయింగులు అందరికీ ఇస్తే తెలియనివాళ్ళు చేతులు పెట్టి ప్రమాదాలు తెస్తారని కంపెనీలు భయపడడం అర్థం చేసుకోదగిందే. టార్షన్ స్ప్రింగు విప్పబోయి చేతులు విరగ్గొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

అయితే డ్రాయింగు లేనంత మాత్రాన జనం మరమ్మతు మానేస్తున్నారా? నేను చూసినంతలో మానడం లేదు, తప్పుగా చేస్తున్నారు. ఒక అపార్టుమెంటులో కిరణపు కన్ను చెడిపోయి కొత్తది దొరకకపోతే, మెకానిక్ ఆ రెండు కన్నులనూ గుమ్మం దగ్గరినుంచి తీసి, సీలింగు దగ్గర ఎదురెదురుగా టేపుతో అంటించి వెళ్ళాడు. కిరణానికి ఎప్పటికీ ఏదీ అడ్డు రాదు కాబట్టి తలుపు చక్కగా మూసుకుంటుంది. అక్కడ ఏ వోల్టేజి, ఏ సంకేతం కావాలో ఒక కాగితం ఉండి ఉంటే, అదే మెకానిక్ ఇంకో కంపెనీ కన్నును సరిగ్గా కలిపేవాడని నా నమ్మకం.

డ్రాయింగులు బయటపెడితే దొంగలకు దారి దొరుకుతుందన్న వాదన దగ్గర నా అభిప్రాయం కొంత మార్చుకోవలసి వచ్చింది. సర్క్యూట్ తెలిస్తే తాళం తెలిసినట్టు కాదని మొదట వాదించాను. 1883లోనే కెర్కాఫ్స్ అనే పండితుడు, రహస్య లిపి పద్ధతి శత్రువు చేతికి చిక్కినా తాళం చెవి ఒక్కటే రహస్యంగా ఉంటే చాలన్నట్టుగా ఆ పద్ధతి ఉండాలని రాశాడు. కానీ నొక్కిన ప్రతిసారీ సంకేతం మారే కీలాక్ లాంటి రిమోట్లలో, తయారీదారుకు సంబంధించిన ఒక మూల సంఖ్య ఆ కంపెనీ యంత్రాలు చాలావాటికి ఉమ్మడిగా ఉంటుంది. 2008లో జర్మనీలోని బోకుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ సంఖ్యను రాబట్టి చూపించారు కూడా. పాత మోడల్ ప్రోగ్రాము మొత్తం బయటపెడితే ఆ సంఖ్య కూడా బయటపడి, కొత్త మోడల్ కొన్నవాళ్ళ ఇళ్ళకు ముప్పు రావచ్చు. కాబట్టి రిమోట్ సంకేతాన్ని గుర్తించే భాగాన్ని వదిలేసి, మోటారును నడిపే భాగాన్ని మాత్రమే ఇవ్వమంటాను. ప్రోగ్రామర్లు రాసిన మూల రాత (సోర్స్ కోడ్) కూడా అక్కరలేదు, చిప్పులోకి ఎక్కించే ఫైలు చాలు. రిసీవరును బయట విడిగా పెట్టుకోవచ్చు, అలాంటివి ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి.

వ్యాపార రహస్యమన్న వాదన మాత్రం నాకు నచ్చలేదు. అమెరికాలో చాంబర్లెన్ కంపెనీ, తన తలుపు మోటార్లకు పనిచేసే రిమోట్లు అమ్మినందుకు స్కైలింక్ అనే కంపెనీని కోర్టుకు ఈడ్చింది. 2004లో అప్పీలు కోర్టు స్కైలింక్ పక్షానే తీర్పు చెప్పింది. డబ్బిచ్చి కొన్న మోటారుకు ఏ రిమోట్ వాడుకోవాలన్నది యజమాని ఇష్టం. ఇక పేటెంటు చట్టం సంగతి చూస్తే, ఇరవై ఏళ్ళ హక్కు ఇచ్చేటప్పుడు బదులుగా ఆవిష్కరణ వివరాలు బయటపెట్టాలని మన చట్టమూ అడుగుతుంది. ఇచ్చిపుచ్చుకోవడమన్న ఆ ధర్మాన్ని ఆపేసిన మోడళ్ళకు కూడా వర్తింపజేయమనడం వింత కోరిక కాదు.

ఇప్పుడున్న స్థితి

మా తలుపు ఇప్పుడు ఏ కంపెనీ మోటారుకైనా పనికొస్తుందని చెప్పి అమ్మే ఒక బోర్డుతో నడుస్తోంది. అది జరిగే గేట్ల కోసం చేసినది. అడ్డు తగిలిందని మోటారు లాగే కరెంటు పెరగడాన్ని బట్టి గుర్తిస్తుంది. మొదటి రోజు చెక్క పెట్టి చూస్తే, తలుపు చెక్కను చాలా సేపు నొక్కి పట్టి ఆ తరువాత గానీ వెనక్కి తిరగలేదు. కరెంటు పరిమితిని కొంచెం కొంచెంగా తగ్గించి, కిరణపు కన్ను కొత్తది పెట్టించాక రెండు సెకన్లలోపు తిరుగుతోంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ చెక్కతో పరీక్షిస్తాను. అయినా అత్తయ్యగారి కుర్చీ పూర్తిగా దాటిందని కళ్ళారా చూశాకే, పక్కనే నిలబడి మీట నొక్కుతాను. 62,000 పెట్టి కొత్తది కొని ఉంటే ఈ భయం ఉండేది కాదేమోనని మావారు రెండుసార్లు అన్నారు. ఆ మాటలో నిజముంది. కాకపోతే కొత్తదాని డ్రాయింగు ఇస్తారా అని డీలరును అడిగితే లేదన్నారు.

మొన్న మా మెకానిక్ ఫోన్ చేసి, జయనగర్‌లో ఒక ఇంట్లో ఇదే కంపెనీ మోటారు గేరు పోయిందని చెప్పాడు. ఆ ఇంటి పెద్దాయన మరునాడే వచ్చారు. చేతిరుమాలులో చుట్టి తెచ్చిన చక్రాన్ని మా భోజనాల బల్ల మీద పెట్టి, నేను దాచిన మూడు చక్రాలలో ఒకటి దాని పక్కన ఉంచి చూశాము. అవే 36 పళ్ళు, అదే వ్యాసం, అదే రంధ్రం, కానీ పళ్ళ వాలు ఎడమ వైపుకు ఉంది. ఆయన మోటారు అవతలి పక్కన బిగించే రకమట. నా చక్రం ఆయనకు పనికిరాదు. అప్పుడు పీణ్యాలో గీయించుకున్న డ్రాయింగు జిరాక్సు తీసి, వాలు దిశ దగ్గర కుడి అన్న మాట కొట్టేసి ఎడమ అని రాసి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, వర్క్‌షాపు చిరునామా అడిగి రాసుకుని వెళ్ళారు.